ఆరు నెలల చెక్‌లో ఫెయిలయ్యాను, గల్ఫ్ ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న:

కెప్టెన్ గారికి నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపారు, తర్వాత సొంతంగా ఒకటి కొన్నారు. నన్ను పైలట్ చెయ్యడానికి ఆ లారీ అమ్మేశారు. మహేంద్రతనయ అవతల, పాతపట్నం వైపు ఉన్న రెండెకరాలు బ్యాంకులో పెట్టారు. నాకిప్పుడు 27 ఏళ్లు. ఎయిర్‌బస్ 320 మీద కో-పైలట్‌గా రెండేళ్లయింది.

పోయిన నెల సిమ్యులేటర్‌లో పీపీసీ (పైలట్లకి ఆరు నెలలకోసారి పెట్టే చెక్) ఫెయిలయ్యాను. ఒక్క ఇంజిన్ మీద గో-అరౌండ్ (దిగబోయి మళ్లీ పైకి లేవడం) చేస్తుంటే విమానం పక్కకి లాగేసింది. ఫ్లాప్స్ (రెక్కల వెనక కదిలే పలకలు) తగ్గించమని చెప్పడం మర్చిపోయాను, ఫ్లాప్స్‌కి ఉన్న స్పీడ్ లిమిట్ దాటింది. కెప్టెన్ ఏదో అంటున్నా నేను పలకలేదట. ఫ్లయింగ్ ఆపేశారు. రెండు సెషన్లు ట్రైనింగ్ ఇచ్చి మళ్లీ చెక్ పెడతారు. ఇంట్లో సెలవు పెట్టానని చెప్పాను. అమ్మ నీలమణి దుర్గమ్మకి మొక్కులు తీర్చుకుంటూనే ఉంది.

గల్ఫ్ ఎయిర్‌లైన్ ఒకదానికి అప్లికేషన్ నింపుతున్నాను. అందులో ‘ఎప్పుడైనా చెక్‌లో ఫెయిలయ్యారా’ అని ఉంది. ‘లేదని రాసెయ్, ఎవడు చూస్తాడు’ అంటున్నాడు రూమ్మేట్. ఇది నన్ను ఎన్నాళ్లు వెంటాడుతుంది? రీచెక్ కూడా పోతే? బరంపురం సంబంధం ఒకటి మాటల్లో ఉంది, వాళ్లకీ చెప్పాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పేరు వద్దండి, పర్లాకిమిడి

సమాధానం:

బాబూ,

మీ నాన్న లారీని ఎఫ్‌సికి తీసుకెళ్లడం చిన్నప్పుడు నువ్వు చూసే ఉంటావు. బ్రేకిన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, ‘వెనక బ్రేకు పట్టడం లేదు, చేయించుకుని తీసుకురా’ అని రాసి పంపేస్తాడు. ఆ రోజు బండి రోడ్డెక్కదు. లోడు పోతుంది, కిరాయి పోతుంది, మెకానిక్కి డబ్బులవుతాయి. అంతమాత్రాన లారీని తుక్కు కింద అమ్మేసినవాణ్ని నేను చూడలేదు. నీకు జరిగింది ఇదే. బ్రేకు బాగు చేయించుకుని మళ్లీ చూపించాలి.

నీ చేతిలో ఏముందో, ఏం పోయిందో లెక్క చూసుకుందాం. సీపీఎల్, అంటే నీ పైలట్ లైసెన్సు, నీదే, ఈ చెక్‌తో అది రద్దు కాదు. దాని మీదున్న 320 రేటింగు (ఆ విమానం నడిపే అర్హత) ఎవరూ కొట్టేయలేదు. రీచెక్ పాసయ్యేదాకా ప్రయాణికులున్న విమానంలో నువ్వు డ్యూటీ చెయ్యకూడదు, అంతే. దీన్ని శిక్ష అనుకోకు. శిక్ష ఎలా ఉంటుందో తెలియాలంటే మద్యం రూలు చూడు. విమానం ఎక్కేముందు చేసే బ్రెత్ టెస్టులో దొరికితే లైసెన్స్ మొదటిసారి 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు సస్పెండ్ చేస్తారు, మూడోసారి రద్దు. సిమ్‌లో (సిమ్యులేటర్‌లో) రడ్డర్ మీద, అంటే ముక్కుని పక్కకి తిప్పే పెడల్ మీద, కాలు ఆలస్యంగా పడినవాడి పేరు ఆ ఖాతాలో రాయరు.

మన ప్రాంతంలో ‘ఫెయిల్’ అన్న మాటకే ఒక వాసన ఉంది. టెన్త్ రిజల్ట్స్ రోజు వీధి వీధంతా వాకబు చేస్తుంది చూడు, ఆ వాసన. అందులోనూ గంజాం, గజపతి జిల్లాల్లో పిల్లాడు పైలట్ అయితే బిజూ పట్నాయక్‌తో పోల్చడం ఒకటి. ఆయన 1947లో డకోటా విమానం వేసుకుని ఇండోనేషియా వెళ్లి అక్కడి నాయకుడు సుతాన్ షహ్రీర్‌ని తీసుకొచ్చిన మనిషి. ఆయనతో పోలిస్తే ఎవరు తట్టుకుంటారు? కానీ పీపీసీ టెన్త్ పరీక్ష లాంటిది కాదు, ఒకసారి రాసి పాసై మర్చిపోవడానికి. అంతర్జాతీయ నియమం ప్రకారం ఎయిర్‌లైన్ పైలట్ సామర్థ్యాన్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి. రెండూ నాలుగు నెలల లోపే పక్కపక్కన పెట్టేసి లెక్క సరిచేస్తే కుదరదు. నువ్వు 25 ఏళ్లకి మొదలుపెట్టి 65 దాకా ఎగిరితే 80 చెక్‌లు. ఎనభైకి ఎనభై చెక్కుచెదరకుండా పాసైన వాళ్లు ఉన్నారు, నేను మాత్రం ఆ జాబితాలో లేను.

అయితే అన్ని ఫెయిల్యూర్లూ ఒక బరువు ఉండవు. ఫ్లయింగ్ స్కూల్లో ఒక చెక్ పోతే పదేళ్ల తర్వాత దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కెప్టెన్ కావడానికి పెట్టే అప్‌గ్రేడ్ చెక్‌లో పోవడం మామూలే, మళ్లీ కుడి సీట్లోకి, అంటే కో-పైలట్ సీట్లోకి, వెళ్లి కూర్చుంటారు. నీలాగా లైన్లో ఎగురుతున్నవాడు పీపీసీలో పోతే ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ కొంచెం ఎక్కువ శ్రద్ధగా చూస్తుంది, ఎందుకంటే నిన్నటిదాకా నిన్ను నమ్మి 180 మందిని ఎక్కించారు. ఒకసారి పోయిందంటే సంఘటన. అదే తప్పు మూడు చెక్‌లలో కనబడితే మాత్రం అలవాటు అంటారు. నీ ఫైలు తెరిచినవాళ్లు వెతికేది ఆ అలవాటునే. రెండో చెక్‌లో, మూడో చెక్‌లో ఆ గో-అరౌండ్ శుభ్రంగా ఉంటే మొదటి కాగితం పసుపురంగు తిరిగి అడుగున పడి ఉంటుంది.

ఇక పని సంగతి. మీ కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్‌లో పార్ట్ డి అని ఒకటి ఉంటుంది, ట్రైనింగంతా అందులోనే. ఫెయిలైతే ఎన్ని సెషన్లు ఇస్తారు, రీచెక్ ఎవరు చెయ్యాలి, మళ్లీ పోతే రివ్యూ ఎలా జరుగుతుంది అన్నీ రాసి ఉంటాయి. దాన్ని విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ చూస్తుంది. క్రూ రూములో వినబడే ‘రెండోసారి పోతే ఇంటికే’ లాంటి మాటలు నమ్మకు, పార్ట్ డి తెరిచి ఆ పేజీ చదువు. ఎగ్జామినర్ రాసిన రిపోర్టు కాపీ తీసుకో. సంతకం పెట్టేముందు చదవలేదు కదా నువ్వు? చాలామంది చదవరు. ఆ గదిలోంచి ఎప్పుడు బయటపడదామా అని గీకేసి వచ్చేస్తారు. ఇప్పుడు చదువు. ‘రడ్డర్ ఆలస్యం’ అని ఉంటే సంతోషించు, అది రెండు సెషన్లలో పోతుంది. ‘చెప్పింది వినడం లేదు’, ‘తప్పు ఒప్పుకోవడం లేదు’ అన్న అర్థంలో ఏదైనా ఉంటే అది అసలు జబ్బు, దానికి మందు సిమ్‌లో దొరకదు.

నువ్వు మూడు నాలుగు తప్పులు చెప్పావు. నాకు ఒకటే కనబడుతోంది, అది పిల్లలు పెట్టింది. ఒక ఇంజిన్ మీద దిగుతున్నప్పుడు బతికున్న ఇంజిన్ కొంచెమే లాగుతుంది కాబట్టి కాలికి పెద్ద పని ఉండదు. గో-అరౌండ్ అని లివర్ ముందుకి తోసిన కొన్ని సెకన్లలో ఆ ఇంజిన్ పూర్తి బలం అందుకుంటుంది, ముక్కు చచ్చిన ఇంజిన్ వైపు తిరుగుతుంది. చెయ్యి ముందు వెళ్లి కాలు తర్వాత వెళ్తే అప్పటికే హెడింగ్ (వెళ్లాల్సిన దిశ) పోయింది. నీ కళ్లు హెడింగ్ దగ్గర ఇరుక్కున్నాయి. కళ్లు ఇరుక్కుంటే నోరు మూతపడుతుంది, ‘ఫ్లాప్స్’ అన్న మాట రాదు. ఫ్లాప్స్ ఎక్కువగా ఉండిపోయి ముక్కు కిందికి ఉంటే స్పీడు లిమిట్ దాటక ఏమవుతుంది? చెవి అన్నిటికన్నా ముందు మూసుకుంటుంది, అందుకే కెప్టెన్ మాట నీకు వినబడలేదు.

కాబట్టి హెడింగ్, ఫ్లాప్స్, స్పీడ్ అని మూడు చోట్ల ప్రాక్టీస్ చెయ్యకు. చెయ్యీ కాలూ కలిపి కదలడం ప్రాక్టీస్ చెయ్యి. గదిలో కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చో. చెయ్యి ముందుకి, కాలు కిందికి, ‘గో-అరౌండ్, ఫ్లాప్స్’ అని గట్టిగా అను. ముక్కు ఎత్తు, నీలిరంగు బీటా టార్గెట్ (పక్కకి జారడాన్ని తెర మీద చూపే గుర్తు) మధ్యకి వచ్చినట్టు ఊహించుకో, ‘పాజిటివ్ క్లైంబ్, గేర్ అప్’ అనిపించుకో. రోజుకి ఇరవై సార్లు, పైకి వినబడేలా. రూమ్మేట్ నవ్వుతాడు. ఫారంలో అబద్ధం రాయమన్న రూమ్మేట్ కదా, వాడిచేత రెండో పైలట్ మాటలు అనిపించు, కాస్త పుణ్యం వస్తుంది.

ఎగ్జామినర్‌గా తొమ్మిదేళ్లు ఆ వెనక సీట్లో కూర్చున్నాను కాబట్టి ఇంకొకటి చెబుతాను. రీచెక్‌కి వచ్చేవాళ్లు పోయిన ఎక్సర్‌సైజ్‌ని నమిలి మింగి వస్తారు, గో-అరౌండ్ అద్భుతంగా చేస్తారు, ఆ ఊపిరి వదిలేసిన మరుక్షణం మామూలు ఐఎల్‌ఎస్‌లో (రేడియో సంకేతాలు పట్టుకుని రన్‌వే మీదికి దిగడంలో) పిల్లకాయల తప్పు చేస్తారు. నేను ఎక్కువమందిని ఆపింది అక్కడే. నీ రెండు సెషన్లలో అడిగి మరీ మామూలు పనులు కూడా చేయించుకో. మామూలు టేకాఫ్, మామూలు ల్యాండింగ్, వీ-వన్ (ఇక ఆగకుండా లేవాల్సిన వేగం) దాటాక ఇంజిన్ పోవడం, ముందే ఆపెయ్యడం. సిమ్‌లు పగలూ రాత్రీ తిరుగుతాయి కాబట్టి రాత్రి ఒంటిగంట స్లాట్ పడవచ్చు. మార్చమని అడగడంలో తప్పులేదు, ఇవ్వకపోతే దానికి తగ్గట్టు నిద్ర మార్చుకో. పోయిన నెల నీ చెక్ ఎన్ని గంటలకి పడిందో, అంతకు ముందు రెండు రోజులు ఏ డ్యూటీలు చేశావో నువ్వు రాయలేదు. అది సాకుగా వాడకు, కానీ ఇన్‌స్ట్రక్టర్‌కి తెలియాలి.

సిమ్ యంత్రం మీదే అనుమానం ఉన్నా చెప్పాలి. నేను ఊరికే అనడం లేదు. 2022లో సిమ్యులేటర్‌లో స్టిక్ షేకర్ (వేగం మరీ తగ్గితే కంట్రోల్ కాలమ్‌ని వణికించి హెచ్చరించేది) సరిగా పనిచెయ్యడం లేదని తేలాక, దాని మీద ట్రైనింగ్ అయిన 90 మంది స్పైస్‌జెట్ పైలట్లను మళ్లీ ట్రైనింగ్ అయ్యేదాకా 737 మ్యాక్స్ నడపొద్దంది డీజీసీఏ. వాళ్లు ఫెయిలైనవాళ్లు కారు, పాసైనవాళ్లు! మరుసటి ఏడాది చెక్‌లలో తప్పనిసరి ఎక్సర్‌సైజులు చేయించలేదని ఎయిర్‌ఏషియా ఇండియాకి 20 లక్షలు, ఎనిమిది మంది ఎగ్జామినర్లకి తలా 3 లక్షలు జరిమానా వేశారు. నీ ఎగ్జామినర్ నిన్ను వదిలెయ్యకపోవడానికి ఇది కూడా ఒక కారణం అనుకో. మొహమాటానికి పాస్ చేసిన చెక్ అతని మెడకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు గల్ఫ్ ఫారం. ఇక్కడ నాతో వాదించకు, ‘అవును’ అని రాయి.

2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. స్పీడు తగ్గి స్టిక్ షేకర్ వణికితే కెప్టెన్ కాలమ్‌ని తన వైపు లాక్కున్నాడు. చెయ్యాల్సింది దానికి ఉల్టా. దర్యాప్తులో అతని పాత చెక్‌లు బయటికొచ్చాయి. అంతకు ముందు ఫెయిలైనవాటిలో కొన్నిటిని ఉద్యోగంలో చేరేటప్పుడు అతను చెప్పలేదు. ఆ ప్రమాదం తర్వాత 2010లో అక్కడ చట్టం మార్చి, పైలట్ల రికార్డులన్నీ ఒకచోట పెట్టాలన్నారు. పెట్టడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు 2019 ఫిబ్రవరి 23న టెక్సాస్‌లో అట్లాస్ ఎయిర్ కార్గో విమానం పడి అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. దాని కో-పైలట్ పాత కంపెనీల్లో ట్రైనింగ్‌లో ఫెయిలైన సంగతి కొత్త కంపెనీకి చెప్పలేదు. ఆ విమానంలో మొదలైంది ఏమిటో తెలుసా? అనుకోకుండా గో-అరౌండ్ మోడ్ ఆన్ అయింది, ఆ గందరగోళంలో అతను ముక్కు కిందికి తోసేశాడు. గో-అరౌండ్ అన్న మాట దగ్గర నువ్వు ఒక్క నిమిషం ఆగుతావనే ఇది రాస్తున్నాను. తన బలహీనత ఎక్కడుందో పక్కనున్నవాళ్లకి తెలియకుండా చూసుకున్న మనిషి, ఆ బలహీనత పైకొచ్చిన రోజు ఒంటరిగా ఉంటాడు.

‘ఎవడు చూస్తాడు’ అన్నాడు మీవాడు. చూస్తారు. కొత్త కంపెనీ పాత కంపెనీ నుంచి ట్రైనింగ్ రికార్డులు అడగవచ్చు, ఎన్‌ఓసీ కావాలంటుంది. మన దగ్గర కో-పైలట్ మానెయ్యాలంటే 2017 రూలు ప్రకారం ఆరు నెలల నోటీసు ఇవ్వాలి, కెప్టెన్ అయితే ఏడాది. ఆరు నెలలంటే నీ ఫైలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి వెళ్లినా చేరుతుంది. దొరికితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, రేపు ఇంకో చోట ‘ఎందుకు తీసేశారు’ అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు మన దేశంలో దొరికారు. పోయిన పేపరు మళ్లీ రాసుకోవచ్చు వాళ్లు. పోలీసు కేసులు తెచ్చుకున్నారు.

రాయడం కూడా ఎక్కువ రాయకు. ఏ నెలలో, ఏ విమానం మీద, ఏ ఎక్సర్‌సైజు. ఎన్ని సెషన్లు తీసుకున్నావు. రీచెక్ తేదీ, ఫలితం. నాలుగు లైన్లు చాలు. ‘ఎగ్జామినర్ కఠినం’ అనే మాట ఆ లైన్లలో కనబడితే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. ఎదురుగా కూర్చునేవాళ్లలో ఒకాయన ఎగ్జామినర్ అయి ఉంటాడు. అసలు నన్నడిగితే రీచెక్ అయ్యేదాకా ఆ ఫారం ముట్టుకోకు. ఇప్పుడు పంపితే ఫలితం దగ్గర ఖాళీ వదలాలి, ఆ ఖాళీ చూసి ఎవరూ పిలవరు.

డబ్బు సంగతి నువ్వు అడగలేదు గాని ఈఎంఐ ఉంటుంది కదా. పైలట్ జీతంలో పెద్ద ముక్క ఎగిరిన గంటల మీద వస్తుంది. గ్రౌండ్ మీదున్న నెలలో ఎంత వస్తుందో హెచ్‌ఆర్‌ని కాగితం మీద అడుగు. ట్రైనింగ్ బాండ్ తీసి చదువు, మధ్యలో ఆగిపోతే ఎవరు ఎంత కట్టాలో దాంట్లో ఉంటుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలన్న రూలు మర్చిపోకు. రీచెక్ బాగా ఆలస్యమైతే అది కూడా సిమ్‌లో సరిచేసుకోవాలి, ముందే గుర్తు చెయ్యి.

రీచెక్ కూడా పోతే? అడిగావు కాబట్టి దాటెయ్యను. రివ్యూ బోర్డు కూర్చుంటుంది. ఇంకో ఛాన్స్ ఇవ్వవచ్చు, ఉద్యోగం పోవచ్చు కూడా. అది జరిగిన పిల్లలు నాకు తెలుసు. ఒకతను చిన్న విమానాలకి వెళ్లి అక్కడ చెయ్యి కుదిరాక తిరిగొచ్చాడు. ఇంకొకతను ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ అయ్యాడు, ఇప్పటికీ అక్కడే, సంతోషంగానే ఉన్నాడు. మన కొరాపుట్ జిల్లా జయపురానికి భువనేశ్వర్ నుంచి 2022లో మొదలైన సర్వీసు తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్‌తోనే కదా. దాన్ని నడిపేవాళ్లు కూడా పైలట్లే. కానీ రెండేళ్లు లైన్లో ఎగిరి, ఒక ఎక్సర్‌సైజులో పోయి, దాని సంగతి ఇంత వివరంగా రాయగలిగినవాడు రీచెక్‌లో పోయే అవకాశం తక్కువని నా అంచనా.

బరంపురం సంబంధం వాళ్లకి పెళ్లిచూపుల్లో సిమ్ రిపోర్టు చూపించక్కర్లేదు. ‘ఇప్పుడు డ్యూటీలో ఉన్నావా బాబూ’ అని అడిగితే మాత్రం లేదని చెప్పు, ఎందుకో చెప్పు.

నాన్న దగ్గరికి వస్తాను. 1996లో నేను కెప్టెన్ చెక్‌లో ఫెయిలయ్యాను. టేకాఫ్‌లో ఇంజిన్‌కి నిప్పంటుకుంటుంది, హ్యాండిల్ లాగి ఆర్పాలి. నా చెయ్యి బాగున్న ఇంజిన్ హ్యాండిల్ మీదికి వెళ్లింది. పక్కనున్న కో-పైలట్ నా మణికట్టు పట్టుకున్నాడు. ఎనిమిది నెలలు కుడి సీట్లోనే ఉన్నాను. మా నాన్న బరంపురంలో ఒక కాలేజీలో గుమాస్తా. ఆయనకి ‘కెప్టెన్ క్లాసు వాయిదా పడింది’ అని చెప్పాను. నాలుగో నెలలో పెద్ద బజారులో ఎవరో ఆయన్ని పలకరించి, ‘మీవాడికి అలా అయిందటగా పాపం’ అన్నారు. ఆ ఆదివారం నేను ఇంటికెళితే ఆయన చెక్ గురించి ఏమీ అడగలేదు. ‘నీకు ఎప్పుడు తెలిసింది?’ అన్నారు. ‘నాలుగు నెలలైంది’ అన్నాను. కండువా వేసుకుని బయటికి వెళ్లిపోయారు. తర్వాత నేను కెప్టెన్ అయ్యాను, ఎగ్జామినర్ అయ్యాను, ఆయన నా విమానంలో కూడా ఎక్కారు. తప్పు హ్యాండిల్ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ నాలుగు నెలల మాట మాత్రం పోయేలోపు రెండుసార్లు ఎత్తారు.

మీ నాన్నకి సిమ్యులేటర్, గో-అరౌండ్ అని మొదలుపెట్టకు. ‘ఎఫ్‌సి కాలేదు నాన్నా, బ్రేకు చూపించి మళ్లీ వెళ్లాలి’ అను. మిగతాది ఆయనే అడుగుతారు, అడిగినప్పుడు చెప్పు. పొలం సంగతి ఆయన ఎత్తితే హెచ్‌ఆర్ ఇచ్చిన కాగితంలో ఎంత ఉందో అంకెతో చెప్పు. ఈ ఫోను రీచెక్ ముందు రోజుకి పెట్టుకోకు, ఈ వారమే చెయ్యి, రాత్రి భోజనాలయ్యాక. పోస్టర్ మాత్రం రేపే తెప్పించుకో.